అమెరికాలో పర్యావరణ శాస్త్రవేత్తకు లైసెన్సు: ఏ రాష్ట్రం ఏమడుగుతుంది, జీతం ఎక్కడ పెరుగుతుంది

సంక్షిప్తంగా: అమెరికాలో 'ఎన్విరాన్‌మెంటల్ సైంటిస్ట్' అన్న హోదాకు సాధారణ లైసెన్సు దాదాపు ఏ రాష్ట్రంలోనూ లేదు. కొన్ని నివేదికల మీద సంతకం చేసే అధికారానికి మాత్రం లైసెన్సు ఉంది. ఆ నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. 2024 మే నాటి మధ్యస్థ వార్షిక వేతనం 80,060 డాలర్లు. దాన్ని దాటి పైకి వెళ్లడం చాలావరకు సంతకం హక్కు మీద, చదివిన డిగ్రీ పేరు మీద ఆధారపడి ఉంటుంది. వీసా మీద ఉన్నవారికి లైసెన్సుకు కావలసిన ఏళ్లు, వీసా ఇచ్చే ఏళ్లు సరిపోవడం కష్టం.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎంఎస్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: 'చదువయ్యాక లైసెన్సు పరీక్ష రాయాలా?' ఒకరు అక్కర్లేదంటారు, ఇంకొకరు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు) లేకపోతే బతుకు లేదంటారు. ఇద్దరూ తాము పనిచేసే రాష్ట్రాన్ని, చేసే పనిని బట్టి మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరి మాటా తప్పు కాదు.

లైసెన్సు పేరుకు కాదు, సంతకానికి

డాక్టరు, నర్సు, ఇంజనీరు అన్న పేర్లను చట్టం కాపాడుతుంది. లైసెన్సు లేకుండా ఆ పేరు పెట్టుకుని ప్రాక్టీసు చేస్తే నేరం. పర్యావరణ శాస్త్రవేత్త అన్న పేరుకు ఆ రక్షణ లేదు. నీటి నమూనాలు తీయడానికి, ల్యాబ్ ఫలితాలను పట్టికలో పెట్టడానికి, నివేదిక చిత్తుప్రతి రాయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆ నివేదికను నమ్మి బ్యాంకు అప్పు ఇవ్వాలన్నా, 'ఈ స్థలం శుభ్రపడింది' అని రాష్ట్రం ఒప్పుకోవాలన్నా మాత్రం చట్టం గుర్తించిన మనిషి సంతకం కావాలి.

దీని మూలం 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టంలో ఉంది. కాలుష్యం ఎవరు చేసినా, ఆ భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వారిమీద కూడా శుద్ధి ఖర్చు పడవచ్చని ఆ చట్టం తేల్చింది. దాంతో భూమి కొనేవారికి రక్షణ అవసరమైంది. కొనకముందే స్థలం చరిత్రను సక్రమంగా విచారించినవారికి ఆ బాధ్యత నుంచి మినహాయింపు దొరికే దారిని 2002 నాటి బ్రౌన్‌ఫీల్డ్స్ సవరణ స్పష్టం చేసింది. ఆ విచారణ ఎలా ఉండాలో చెప్పే కేంద్ర నిబంధన 2006 నవంబరులో అమల్లోకి వచ్చింది. వాడుకలో దీన్నే ఫేజ్ వన్ అంటారు. పాత మ్యాపులు, ఏరియల్ ఫొటోలు, ప్రభుత్వ రికార్డులు చూడడం, స్థలం తిరిగి చూడడం, పాత యజమానులతో మాట్లాడడం ఇందులో భాగాలు. నేలలో గునపం దించరు. ముఖ్యమైన భాగాలకు 180 రోజులు దాటితే కాలం చెల్లుతుంది, మళ్లీ చేయాలి.

ఈ నివేదిక మీద సంతకం చేసే 'ఎన్విరాన్‌మెంటల్ ప్రొఫెషనల్' ఎవరో కేంద్ర నిబంధనే చెబుతుంది. నాలుగు దారులున్నాయి. పీఈ లేదా పీజీ (ప్రొఫెషనల్ జియాలజిస్ట్, అంటే భూగర్భ శాస్త్రవేత్త) లైసెన్సుతో పాటు 3 ఏళ్ల అనుభవం ఒకటి. ఇలాంటి విచారణలు చేయడానికి కేంద్రమో రాష్ట్రమో ఇచ్చిన లైసెన్సుతో పాటు 3 ఏళ్లు రెండోది. సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీతో 5 ఏళ్లు మూడోది. డిగ్రీ ఏదీ లేకున్నా 10 ఏళ్లు నాలుగోది. మూడో దారిలో డిగ్రీ 'బ్యాచిలర్స్ లేదా ఆపైన' అని మాత్రమే ఉంది. అంటే మాస్టర్స్ ఉన్నా, పీహెచ్‌డీ ఉన్నా ఆ 5 ఏళ్లు తగ్గవు. కొత్తగా చేరిన పట్టభద్రుడు ఫేజ్ వన్ పనంతా చేయవచ్చు, కానీ అర్హుడైన వ్యక్తి పర్యవేక్షణలోనే చేయాలి, సంతకం ఆ అర్హుడిదే.

న్యూజెర్సీ: ప్రభుత్వం చేతి నుంచి ప్రైవేటు కలానికి

ఫేజ్ వన్ దాటి అసలు శుద్ధిలోకి వస్తే రాష్ట్రాల దారులు విడిపోతాయి. తెలుగువారు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఇందులో అతి కఠినమైన ఉదాహరణ. ఒకప్పుడు అక్కడ ప్రతి కలుషిత స్థలాన్నీ రాష్ట్ర పర్యావరణ శాఖ అధికారే దశలవారీగా ఆమోదించాలి. దాదాపు 20 వేల కేసులు పేరుకుపోయాయి. 2009లో వచ్చిన సైట్ రెమిడియేషన్ సంస్కరణ చట్టం ఆ నిర్ణయాధికారాన్ని లైసెన్సు ఉన్న ప్రైవేటు నిపుణులకు అప్పగించింది. వీరినే ఎల్‌ఎస్‌ఆర్‌పీలు అంటారు. ఒకప్పుడు శాఖ ఇచ్చిన 'ఇక చర్య అవసరం లేదు' అన్న లేఖ స్థానంలో ఇప్పుడు ఎల్‌ఎస్‌ఆర్‌పీ సంతకం చేసిన తుది పత్రం చెల్లుతుంది.

ఇంత బరువు మోసే సంతకానికి అర్హతలు కూడా ఆ స్థాయిలోనే పెట్టారు. సంబంధిత సైన్సు లేదా ఇంజనీరింగ్‌లో డిగ్రీ ఉండాలి. శుద్ధి రంగంలో 8 ఏళ్ల పూర్తికాల వృత్తి అనుభవం కావాలి, అందులో 5 ఏళ్లు న్యూజెర్సీలోనే గడిచి ఉండాలి. దరఖాస్తుకు ముందటి 5 ఏళ్లలో కనీసం 5,000 గంటలు ఆ రాష్ట్రపు స్థలాల మీదే పనిచేసి ఉండాలి. లైసెన్సులిచ్చే బోర్డు దరఖాస్తును పరిశీలించి ఒప్పుకున్నాకే పరీక్ష. లైసెన్సు 3 ఏళ్లు చెల్లుతుంది, పునరుద్ధరణకు 36 నిరంతర విద్య క్రెడిట్లు చూపాలి. ఏటా కనీసం పదో వంతు లైసెన్సుదారుల పనిని బోర్డు ఆడిట్ చేస్తుంది. ప్రజల ఆరోగ్యం క్లయింటు ప్రయోజనం కన్నా ముందు అని చట్టమే చెబుతుంది. తక్షణ ప్రమాదం కనిపిస్తే క్లయింటుకు ఇష్టం లేకపోయినా శాఖకు చెప్పి తీరాలి.

దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది పరీక్షలో కాదు, ఈ గంటల లెక్కలో. పూర్తికాల ఉద్యోగి ఏడాదికి దాదాపు 2,080 గంటలు పనిచేస్తాడు. 5 ఏళ్లలో 5,000 గంటలంటే సగం సమయం న్యూజెర్సీ పనికే పోవాలి. ఆఫీసు న్యూజెర్సీలో ఉండి ప్రాజెక్టులు పెన్సిల్వేనియా, న్యూయార్కులలో ఉన్నవారికి ఈ అంకె అందదు. రెండో చిక్కు 'వృత్తి అనుభవం' అన్న మాటలో ఉంది. బావి నుంచి నీళ్లు తోడి సీసాల్లో నింపిన గంటలను బోర్డు ఆ కోవలో చూడదు. ఎక్కడ బోరు వేయాలి, ఫలితం ఏం చెబుతోంది, ఇంకెంత తవ్వాలి అని సొంత బుద్ధితో తేల్చిన పనికే విలువ. మొదటి మూడు నాలుగేళ్లు ఫీల్డులోనే గడిపినవారు తమకు 8 ఏళ్లు నిండాయనుకుంటారు. బోర్డు లెక్కలో అవి నాలుగో ఐదో అవుతాయి.

మసాచుసెట్స్, కనెక్టికట్, తలుపు మూసిన కాలిఫోర్నియా

ఈ పద్ధతి న్యూజెర్సీ కనిపెట్టింది కాదు. మసాచుసెట్స్ 1993లోనే శుద్ధి పనిని ఎల్‌ఎస్‌పీ అనే లైసెన్సుదారులకు అప్పగించింది. అక్కడ డిగ్రీ ఉన్నవారికి 8 ఏళ్ల అనుభవం, అందులో 5 ఏళ్లు నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఉండాలి. డిగ్రీ లేనివారికీ దారి ఉంది: మొత్తం 14 ఏళ్లు, అందులో 7 ఆ స్థాయిలో. కనెక్టికట్‌లో ఇదే కోవలో ఎల్‌ఈపీ లైసెన్సు ఉంది. న్యూజెర్సీ లైసెన్సు చూపించి మసాచుసెట్స్‌లో సంతకం పెట్టడం కుదరదు. ప్రతి రాష్ట్రం తన నిబంధనల మీదే పరీక్ష పెడుతుంది.

నెవాడాలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కన్సల్టెంట్లకు సీఈఎం (సర్టిఫైడ్ ఎన్విరాన్‌మెంటల్ మేనేజర్) ధ్రువీకరణ తప్పనిసరి. ఒహాయోలో స్వచ్ఛంద శుద్ధి పథకానికి సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కావాలి. న్యూహాంప్‌షైర్ చిత్తడి నేలల హద్దులు గీసే శాస్త్రవేత్తలకు రాష్ట్ర ధ్రువీకరణ పెట్టింది, నార్త్ కరోలినా మృత్తికా శాస్త్రవేత్తలకు లైసెన్సు ఇస్తుంది.

ఉన్న పద్ధతిని తీసేసిన రాష్ట్రమూ ఉంది. కాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ ఎన్విరాన్‌మెంటల్ అసెసర్ అనే నమోదు చాలా ఏళ్లు నడిచి, 2012 జులైలో రద్దయింది. పాత వ్యాసాల్లో, కొన్ని శిక్షణ సంస్థల ప్రకటనల్లో ఆ పేరు ఇంకా కనిపిస్తుంది. దానికోసం డబ్బు కట్టకూడదు. ఇప్పుడు అక్కడ శుద్ధి నివేదికల్లోని ఇంజనీరింగ్ భాగానికి పీఈ, భూగర్భ భాగానికి పీజీ ముద్ర వేస్తారు.

పీఈ, పీజీ: తేడా డిగ్రీ పేరు దగ్గరే మొదలవుతుంది

ఈ రంగంలో దేశమంతటా చెల్లుబాటుకు దగ్గరగా వచ్చే లైసెన్సులు రెండే. పీఈ ఇంజనీర్లది, పీజీ భూగర్భ శాస్త్రవేత్తలది. పీఈకి దారి తెలిసిందే: ముందు ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్) పరీక్ష, 110 ప్రశ్నలు, 6 గంటలు. తర్వాత సాధారణంగా పీఈ కింద 4 ఏళ్ల అనుభవం. ఆపైన 80 ప్రశ్నల పీఈ ఎన్విరాన్‌మెంటల్ పరీక్ష. అనుభవం నిండకముందే రెండో పరీక్ష రాయనిచ్చే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. ఒక రాష్ట్రంలో లైసెన్సు వచ్చాక మరో రాష్ట్రంలో తెచ్చుకోవడం కాగితాల పనే, సాధారణంగా మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

డిగ్రీ పేరు ఇక్కడే అడ్డం పడుతుంది. చాలా రాష్ట్రాలు అబెట్ (ఇంజనీరింగ్ కోర్సులను పరిశీలించి గుర్తించే సంస్థ) గుర్తింపు ఉన్న ఇంజనీరింగ్ డిగ్రీ గానీ, దానికి సమానమైనది గానీ అడుగుతాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎంఎస్ ఎంత గొప్ప యూనివర్సిటీ నుంచి వచ్చినా ఆ అవసరాన్ని తీర్చదు. ఆంధ్ర, తెలంగాణల్లో సివిల్‌లోనో కెమికల్‌లోనో బీటెక్ చేసినవారికి దారి తెరిచే ఉంటుంది. ఇంజనీర్ల పరీక్షలు నడిపే ఎన్‌సీఈఈఎస్ విదేశీ డిగ్రీని మూల్యాంకనం చేసి, గణితం, మౌలిక శాస్త్రాల్లో 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్‌లో 48 క్రెడిట్లు ఉన్నాయా అని చూస్తుంది. లోటుంటే ఆ మేరకు కోర్సులు చదవాలి. ఎంఎస్ చదివే కాలంలోనే ఈ మూల్యాంకనం చేయించుకుంటే ఆ లోటు అక్కడే పూడుతుంది. ఉద్యోగంలో చేరాక తెలిస్తే సాయంత్రం తరగతులే గతి. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు వెళ్లినవారికి పీఈ దాదాపు అందని పండు. అలాంటివారు ఎల్‌ఎస్‌ఆర్‌పీ, ఎల్‌ఎస్‌పీ వంటివి, లేదా ఫేజ్ వన్‌లో 5 ఏళ్ల దారి చూసుకోవాలి.

కాలిఫోర్నియాకు ఇంకో ప్రత్యేకత ఉంది. అక్కడ ఎన్విరాన్‌మెంటల్ అనే పీఈ శాఖే లేదు. ఆ పని చేసేవారు ఎక్కువగా సివిల్ పీఈ తీసుకుంటారు. దానికి భూకంప సూత్రాలు, సర్వేయింగ్ మీద రెండు రాష్ట్ర పరీక్షలు అదనం.

పీజీకి భూగర్భ శాస్త్ర కోర్సులు తగినన్ని ఉండాలి, తర్వాత రాష్ట్రాల భూగర్భ శాస్త్ర బోర్డుల సంఘమైన అస్‌బాగ్ నడిపే రెండు పరీక్షలు. టెక్సస్‌లో పీజీ లైసెన్సు మృత్తికా శాస్త్ర విభాగంలో కూడా దొరుకుతుంది. నేలల మీద, వ్యవసాయ శాస్త్రం మీద చదివి వచ్చినవారు ఈ సంగతి గమనించాలి.

మొదటి ఉద్యోగానికి కావలసిన కార్డులు

పెద్ద లైసెన్సులకు ఏళ్లు పడతాయి. మొదటి ఉద్యోగంలో అడిగేవి వేరే. కలుషిత స్థలంలో అడుగు పెట్టాలంటే హాజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాల దగ్గర భద్రంగా పనిచేసే) శిక్షణ ఉండాలి: 40 గంటల తరగతి, దానిపైన పర్యవేక్షణలో 3 రోజుల ఫీల్డు పని, తర్వాత ఏటా 8 గంటలు. ఆన్‌లైన్‌లో 40 గంటలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదు. రెస్పిరేటర్ తొడగడం, రక్షణ దుస్తులు వేసుకోవడం చేత్తో చేసి నేర్చుకోకపోతే శిక్షణ పూర్తయినట్టు కాదు.

పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ వెతికే ఇన్‌స్పెక్టరుకు 3 రోజుల కోర్సు, రాష్ట్ర గుర్తింపు, ఏటా సగం రోజు రిఫ్రెషర్ ఉండాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ మొదటి నుంచి. జిల్లా ఆరోగ్య శాఖల్లో హోటళ్లు, సెప్టిక్ ట్యాంకులు, ఈతకొలనులు తనిఖీ చేసే ఉద్యోగాలకు ఆర్‌ఈహెచ్‌ఎస్ (రిజిస్టర్డ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ స్పెషలిస్ట్) నమోదు చాలా రాష్ట్రాల్లో అవసరం. తాగునీటి, మురుగునీటి ప్లాంట్లు నడిపేవారికి ఆపరేటర్ లైసెన్సు వేరే.

సీహెచ్‌ఎంఎం (సర్టిఫైడ్ హజార్డస్ మెటీరియల్స్ మేనేజర్), క్యూఈపీ (క్వాలిఫైడ్ ఎన్విరాన్‌మెంటల్ ప్రొఫెషనల్) లాంటివి ప్రైవేటు సంస్థలు ఇచ్చే ధ్రువీకరణలు. రెజ్యూమెలో గౌరవం తెస్తాయి, సంతకం హక్కు మాత్రం ఇవ్వవు.

జీతం: ఒకే పని, మూడు పట్టికలు

అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2024 మే నాటికి పర్యావరణ శాస్త్రవేత్తల మధ్యస్థ వేతనం 80,060 డాలర్లు. అందరి జీతాలనూ వరుసలో పెడితే సరిగ్గా నడుమ నిలిచే అంకె ఇది. అట్టడుగు పది శాతం వారికి దాదాపు 50 వేల లోపు, పై పది శాతానికి 1,34,000 పైన. అదే శాఖ లెక్కలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ల మధ్యస్థం 1,04,170, జియోసైంటిస్టులది 99,240. ఒకే కంపెనీలో, ఒకే స్థలం మీద, పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ముగ్గురి మధ్య కనిపించే తేడా ఇది.

ఈ తేడా అంతా లైసెన్సు వల్లేనని చెప్పలేం. ఇంజనీర్లలో నీటి శుద్ధి ప్లాంట్లు రూపొందించేవారు, జియోసైంటిస్టుల్లో చమురు కంపెనీలవారు కలిసి ఉన్నారు. కానీ కన్సల్టింగ్ కంపెనీల లోపలి లెక్క చూస్తే లైసెన్సు పాత్ర తెలుస్తుంది. అవి గంటలను అమ్ముతాయి. ఉద్యోగికి గంటకు ఇచ్చేదానికి సుమారు మూడింతలు క్లయింటుకు బిల్లు వేస్తాయి. ఉదాహరణకు 35 డాలర్ల ఉద్యోగి గంట 100 డాలర్ల పైచిలుకు బిల్లవుతుంది. ఫేజ్ వన్ లాంటివి గంటల మీద కాక మొత్తం ధరకు, గట్టి పోటీలో, కొన్ని వేల డాలర్లకే అమ్ముడుపోతాయి. కాబట్టి చౌక గంటలతో పని పూర్తిచేయించి, ఖరీదైన గంటలు రెండు మూడు మాత్రం సమీక్షకు, సంతకానికి వాడతారు. ఒక సంతకందారు అలా అనేక ప్రాజెక్టులు మోయగలడు, చిత్తుప్రతి రాసేవాడు ఒకటి రెండే మోయగలడు. మొదటి ఐదేళ్లలో జీతం నత్తనడక నడిచి, సంతకం రాగానే గెంతు వేయడానికి కారణం ఇదే.

సగటు అంకెలు చూసి ఆశపడేవారు ఇంకో సంగతి గుర్తించాలి. ఈ రంగంలో అత్యధిక జీతం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, అక్కడి మధ్యస్థం లక్ష డాలర్లు దాటుతుంది. ఆ ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే. విదేశీ విద్యార్థి తన జీతాన్ని పోల్చుకోవలసింది కన్సల్టింగ్ కంపెనీలతో, రాష్ట్ర శాఖలతో. అవి మొత్తం మధ్యస్థానికి చుట్టుపక్కలే ఉంటాయి.

రాబోయే పదేళ్లు: రెండు వైపుల లాగుడు

2023-33 దశాబ్దానికి ఈ ఉద్యోగాలు 7 శాతం పెరుగుతాయని కార్మిక గణాంకాల శాఖ ముందు అంచనా వేసింది. 2024-34కు వచ్చేసరికి అది 4 శాతానికి దిగింది. అన్ని ఉద్యోగాల సగటు 3 శాతం కాబట్టి ఇది మరీ చేటు కబురు కాదు.

డిమాండును పెంచే బలం రాష్ట్రాల నుంచి, పీఫాస్ నుంచి వస్తోంది. అంటని పెనాల పూతల్లో, మంటలార్పే నురగల్లో వాడిన ఈ రసాయనాల్లో రెండింటికి, పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు, 2024 ఏప్రిల్‌లో తాగునీటి పరిమితి పెట్టారు: లక్ష కోట్ల భాగాల్లో 4. గడువును 2031 దాకా పొడిగిస్తామని 2025 మేలో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రకటించినా ఈ రెండింటి పరిమితిని వదల్లేదు. 2024 జులై 8 నుంచి ఇవి సూపర్‌ఫండ్ చట్టం కింద ప్రమాదకర పదార్థాలు కూడా. కాబట్టి ప్రతి ఫేజ్ వన్‌లోనూ వీటి చరిత్ర వెతకాలి. కనెక్టికట్‌లో స్థలం చేతులు మారినప్పుడే శుద్ధి మొదలయ్యే పాత పద్ధతి పోయి, కాలుష్యం బయటపడితే శుద్ధి అన్న కొత్త నిబంధనకు 2026 మార్చి 1 తేదీ పెట్టారు. లైసెన్సుదారులకు అది అదనపు పని.

వెనక్కి లాగేది కేంద్రం. 2025 జనవరిలో 16,155 మంది ఉన్న తన సిబ్బందిని 12,448కి తగ్గిస్తున్నట్టు ఈపీఏ ఆ జులైలో ప్రకటించింది, పరిశోధన విభాగాన్ని ఎత్తేసింది. అక్కడి నుంచి బయటికి వచ్చిన అనుభవజ్ఞులు అవే కన్సల్టింగ్ ఉద్యోగాలకు పోటీపడతారు. ఈ ఒత్తిడి లైసెన్సు లేని మధ్యస్థాయి వారి మీద ఎక్కువ పడుతుంది. ఒక రాష్ట్రపు నిబంధనల మీద సంతకం హక్కు ఉన్నవారి మీద తక్కువ పడుతుంది, ఎందుకంటే కేంద్రంలో ఎన్నేళ్లు పనిచేసినా న్యూజెర్సీ 5,000 గంటలు వాటంతట అవి నిండవు.

వీసా గడియారం

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం 36. తర్వాత హెచ్-1బీ దొరికితే సాధారణంగా 6 ఏళ్లు. న్యూజెర్సీ అడిగే 8 ఏళ్లు ఈ రెండూ కలిస్తేనే నిండుతాయి, అది కూడా మొదటి రోజు నుంచి సరైన రకం పని దొరికితే. 2025 డిసెంబరులో ఖరారైన నిబంధన హెచ్-1బీ ఎంపికలో ఎక్కువ వేతన స్థాయికి ఎక్కువ అవకాశాలిస్తుంది. నాలుగు స్థాయిల్లో కొత్త పర్యావరణ శాస్త్రవేత్తలు సాధారణంగా మొదటి దానిలో పడతారు. సాఫ్ట్‌వేర్ వారితో పోలిస్తే ఈ రంగానికి ఇది గట్టి దెబ్బ.

తిరిగి రావాల్సి వచ్చినా ఆ అనుభవం వృథా కాదు. మన దేశంలో ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికలకు గుర్తింపు ఇచ్చే నాబెట్ పద్ధతి కన్సల్టెన్సీ సంస్థకు గుర్తింపునిస్తుంది, అందులో గాలి, నీరు, భూగర్భజలం వంటి 12 విభాగాల నిపుణుల అనుభవం చూపాలి. 2025 ఆగస్టులో వచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఆడిట్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, వ్యక్తులనే ధ్రువీకరించి ఆడిటర్లుగా నమోదు చేస్తామంటున్నాయి. వెనకటి అనుభవాన్ని గుర్తించడం ఒక దారి, జాతీయ పరీక్ష ఇంకో దారి.

రెండు దేశాల్లోనూ అడిగే సాక్ష్యం ఒకటే: చేసిన పని చిట్టా. ప్రాజెక్టు పేరు, కేసు నంబరు, రాష్ట్రం, తేదీలు, గంటలు, అందులో తీసుకున్న నిర్ణయం, పర్యవేక్షించిన లైసెన్సుదారు పేరు, వారి లైసెన్సు నంబరు నెలనెలా రాసిపెట్టుకోవాలి. పర్యవేక్షకులు కంపెనీ మారుతుంటారు, కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి, పాత టైమ్‌షీట్లు అందకుండా పోతాయి. ఎనిమిదో ఏట దరఖాస్తుకు కూర్చుని మొదటి ఏటి గంటలకు సంతకం పెట్టేవారిని వెతకడం దాదాపు అయ్యే పని కాదు. కాబట్టి ఉద్యోగం మారే ప్రతిసారీ, ఆఖరి వారంలోపే ఆ ధ్రువీకరణ పత్రం మీద పర్యవేక్షకుడి సంతకం తీసుకోవాలి.